ఒక్కసారి చెప్పిన హద్దులు

ల్యాప్‌టాప్ పవర్ బటన్ మీద వేలు అదిమి మనసులో పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు దగ్గర లోపలి ఫ్యాన్ చప్పుడు ఆగింది. అంచున వెలుగుతున్న చిన్న తెల్ల దీపం ఆరిపోయింది. వేలు తీసి మళ్లీ నొక్కాను. తెర వెలిగింది. కంపెనీ గుర్తు వచ్చి పోయింది. పాస్‌వర్డ్ అడిగే పెట్టె వచ్చింది.

"లేచింది" అంది పెద్దాయన కూతురు, నా వెనక నిలబడి చూస్తూ. పందిరి కింద కూర్చున్న ఊరి పెద్దలు ఐదుగురూ కొంచెం ముందుకు జరిగారు.

పాస్‌వర్డ్ కొట్టాను. నీలం రంగు తెర, దాని మీద ఏమీ లేదు. గంట క్రితం నేను ఆ ల్యాప్‌టాప్ మూత వేసినప్పుడు అందులో ఒక పేజీ తెరిచి ఉంది. పెద్దాయన తన చేను నాలుగు దిక్కుల హద్దులు చెబుతుంటే నేను టైపు చేసిన వాంగ్మూలం అది. ఆలస్యంగా వచ్చిన పెద్దలకు ఇప్పుడు దాన్ని చదివి వినిపించాలి, వాళ్లు సరేననాలి. నిద్రలోంచి లేచిన యంత్రమైతే ఆ పేజీనే చూపించేది. ఇది లేవలేదు. నల్ల తెరతో, తిరిగే ఫ్యానుతో, రెండు మూడు మీటలు నొక్కినా పలకకుండా ఉండిపోయింది. నేను దాని ఊపిరి తీసి, మొదటినుంచి మొదలుపెట్టించాను. మూసినప్పుడు దాని జ్ఞాపకంలో ఉన్నదంతా ఆ ఏడు అంకెల్లో పోయింది.

"చదువు మరి" అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"బ్యాటరీ అయిపోవచ్చింది" అన్నాను. "జగ్దల్‌పూర్ పోయి కాగితం మీద అచ్చు తీసి తెస్తాను. అప్పుడు చదువుతా."

పెద్దాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా ముఖం వైపు చూసి అడిగాడు. "నాలుగు దిక్కులూ వచ్చినయా అండ్ల?"

"వచ్చినయి పెద్దయ్యా" అన్నాను.

ముప్పై ఏళ్లుగా నా పని జనం చెప్పింది రాయడం. ఆ మాట అన్న తర్వాత నేను మూత మూసి, సంచిలో పెట్టుకుని, వాళ్లు పోసిన జావ తాగి, తర్రెం దాకా నడిచి బండి ఎక్కాను. బాసగూడ వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ వాంగ్మూలం అంత విలువైనది ఎందుకయిందో చెప్పాలి.

తర్రెం నుంచి లోపలికి నడిచి వెళ్లే ఆ పల్లె, అడవిలో తుపాకులు మోగిన చెడ్డ రోజుల్లో చాలా ఏళ్లు ఖాళీగా ఉంది. కొందరు గోదావరి దాటి తెలంగాణ వైపు వెళ్లి మిరపతోటల్లో కూలికి నిలిచారు. మొదట తిరిగొచ్చిన వాళ్లలో ఈ పెద్దాయన ఒకడు. వచ్చి, అడవి పెరిగిపోయిన తన చేనును మళ్లీ నరికి, దున్ని, పట్టా కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ దరఖాస్తులో చౌహద్దీ అని ఒక భాగం ఉంటుంది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు గళ్లు. చేను ఏ దిక్కున ఎక్కడ ఆగుతుందో రాయాలి.

ఆయనకు చదువు రాదు. తన దొర్లీ భాష, మన సరిహద్దు తెలుగు కలిపి మాట్లాడతాడు. విచారణకు వచ్చిన ఉద్యోగి హిందీలో అడిగి, హిందీలోనే బయాన్, అంటే వాంగ్మూలం, రాసుకున్నాడు. దక్షిణాన ఏముంది అంటే వాగు అన్నాడు పెద్దాయన. కొన్నాళ్లకు ఇంకో ఉద్యోగి వచ్చి అదే అడిగాడు. పాత వాగు గుంట అన్నాడు. రెండూ నిజమే. మధ్యలో పెద్ద వాన వచ్చి వాగు పక్కకు జరిగింది. చేను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కానీ దరఖాస్తు తిరిగొచ్చింది. రెండు బయానులకూ పొంతన లేదని రాసి పంపారు.

ఆ కాగితం నాకు చూపించి, ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రెండు తాపల చెప్పినోడు దొంగ. వాళ్లే నేర్పిన్రు నాకు. ఇగ ఒక్క తాపనే చెప్త. పదిమంది ముంగట చెప్త. నువ్వు రాయి. రాసింది మళ్ల నాకు చదువు. గంతే."

నన్నే ఎందుకు పిలిచాడంటే, పల్లె ఖాళీ అయినప్పుడూ నిండినప్పుడూ ఆ దారిలో వెళ్లి వార్త రాసినవాణ్ని నేను. ఆయన మాట నాకు అర్థమవుతుంది. హిందీలోకి మార్చి దరఖాస్తు నింపడం నాకు వచ్చు. పైగా ఆయన కూతురు నన్ను అన్నా అని పిలుస్తుంది. భర్త పోయాక ఆమె తండ్రి దగ్గరే ఉండి ఆ చేను చేస్తోంది. పట్టా వస్తే ఆమె పేరు కూడా ఎక్కించాలని ఆయన కోరిక. తను పోయాక హద్దులు చెప్పే మనిషి ఉండడని ఆయనకు తెలుసు.

ఆ రోజు పొద్దున ఆయన దొప్పలో ఇప్పసారా పోయించి, రెండు చుక్కలు నేల మీద విడిచి, మొదలుపెట్టాడు. ఉత్తరం మద్దిచెట్ల వరుస. పడమర బండిదారి. దక్షిణం పాత వాగు గుంట, వాగు ఎప్పుడు ఎందుకు జరిగిందో కూడా చెప్పాడు. తూర్పు చెప్పేటప్పుడు ఆగి ఆగి చెప్పాడు. అటు పక్క చేను వాళ్లు గోదావరి దాటి పోయి ఇంకా అప్పటికి పూర్తిగా తిరిగి రాలేదు. ఆ పక్కన మూడు గుర్తులు చెప్పాడు. ఒక్కో గుర్తూ ఎవరు పెట్టారో, ఏ పంట నాడు పెట్టారో, అప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నారో, వాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో చెప్పాడు.

ఫోన్‌లో గొంతు ఎక్కిస్తానంటే ఒప్పుకోలేదు. "మాట నీకిస్త. గొంతు ఇయ్య" అన్నాడు.

ఇక్కడ నా అలవాటు గురించి ఒప్పుకోవాలి. ఈ దారుల్లో తిరిగే విలేకరులం కొందరం, మనుషుల పేర్లున్న రాతను వెంట పెట్టుకుని ప్రయాణం చేయం. దారిలో ఎవరు ఆపి ఏం అడుగుతారో తెలియదు. కాగితం ఎవరైనా చదవగలరు. పేరు పెట్టి దాచిన ఫైలు వెతికితే దొరుకుతుంది. అందుకని నేను చాలా ఏళ్లుగా పేరు పెట్టని ఖాళీ పేజీలో టైపు చేసి, దాచకుండా, మూత వేసేస్తాను. టైపు చేసే సాఫ్ట్‌వేర్ తనంతట తాను తీసిపెట్టుకునే నకలును కూడా ఆపించాను. మూత వేస్తే ల్యాప్‌టాప్ సస్పెండ్‌లోకి, అంటే నిద్రలోకి పోతుంది. జ్ఞాపకానికి మాత్రం సన్నగా కరెంటు అందుతుంటుంది. ఇంటికి వచ్చి మూత తీస్తే, వదిలిన వాక్యం దగ్గర గీత మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాన్ని అప్పుడు దాచుకుంటాను, పేర్లు తీసేసి. ఎన్నో వార్తలు నా దగ్గరికి అలా చేరాయి. ఆ మిణుకును నేను మనుషుల కన్నా ఎక్కువ నమ్మాను.

జగ్దల్‌పూర్ చేరాక, ఇంట్లో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, తప్పు చేసిన మనిషిని అడిగినట్టు దాన్ని అడగడం మొదలుపెట్టాను. నాకు ఇంజనీరింగ్ రాదు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం పదేళ్లుగా వాడుతున్నాను కాబట్టి, ఆ యంత్రం తన దినచర్య రాసుకునే లాగ్ ఎక్కడుంటుందో తెలుసు. ఆ రోజు పద్దు తీసి చదివాను. మూత మూశారు అని ఒక వాక్యం. సస్పెండ్‌లోకి పోతున్నాను అని ఒక వాక్యం. ఆ తర్వాత ఏమీ లేదు. తర్వాతి వాక్యం నేను బటన్ అదిమి కొత్తగా మొదలుపెట్టాక రాసింది. మధ్యలో గంట సేపు ఏమయిందో దానికే తెలియదు.

ఆ వారమంతా ఒకటే పని. నిమిషం నిద్రపోయి అలారంతో తనే లేవాలని ఆజ్ఞ ఇచ్చే పద్ధతి ఒకటుంది. దాన్ని పట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా నిద్రపుచ్చాను, లేపాను. కాగితం మీద గీతలు గీసుకున్నాను. లేచిన వాటికి నిలువు గీత, లేవని వాటికి సున్న. తొమ్మిది గీతలు వరుసగా వచ్చేవి, నిబ్బరం కలిగేది, పదోది సున్న. ఇంకోసారి మూడోదే సున్న. యూఎస్‌బీలు పీకి చూశాను. వైఫై ఆపి చూశాను. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పాతది పెట్టి చూశాను. తెరను నడిపే డ్రైవర్‌ను మార్చి చూశాను. సున్నలు ఆగలేదు.

ఆ పరీక్షల్లో ఒక విషయం తెలిసింది, తెలియకపోయినా బాగుండేది. తెర నల్లగా ఉన్నప్పుడు క్యాప్స్‌లాక్ మీట నొక్కాలి. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల యంత్రం బతికే ఉన్నట్టు, తెర ఒక్కటే రాలేదన్నట్టు. అప్పుడు ముందే ఏర్పాటు ఉంటే వేరే ఫోన్ నుంచి లోపలికి వెళ్లొచ్చు, లేదా గుడ్డిగానైనా దాచమనే మీటలు నొక్కొచ్చు. నా సున్నల్లో చాలావాటికి దీపం పలకలేదు. రెండుసార్లు పలికింది. ఆ రెండుసార్లూ నల్లటి తెర ముందు కూర్చుని గుడ్డిగా మీటలు నొక్కాను. తిరిగి మొదలుపెట్టాక చూస్తే ఆ ఫైలు డిస్క్ మీద భద్రంగా ఉంది.

ఆ రోజు పందిరి కింద నేను క్యాప్స్‌లాక్ నొక్కి చూడలేదు. ఐదుగురు పెద్దలు చూస్తుంటే తొందరపడి బటన్ అదిమాను.

చివరికి యంత్రం మొదలయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగుల ఫైలు తెరిచాను. నిద్ర రెండు రకాలు. ఒకటి కోడినిద్ర, లోపల అన్నీ సగం మేలుకునే ఉంటాయి, వెంటనే లేస్తుంది, కానీ బ్యాటరీ తింటుంది. రెండోది గాఢనిద్ర, జ్ఞాపకం తప్ప అన్నీ ఆరిపోతాయి. నా యంత్రానికి గాఢనిద్ర పెట్టమని అందులో రాసి ఉంది. దాని పైన, ముందు ఒక గుర్తు పెట్టి, ఇంకో వాక్యం ఉంది. ఆ గుర్తు ఉన్న వాక్యాన్ని యంత్రం చదవదు. మనిషి మనిషి కోసం రాసుకునేది అది. ఇంగ్లీషు అక్షరాల్లో, హిందీలో ఉంది. గాఢనిద్ర నుంచి అప్పుడప్పుడు వాపసు రావడం లేదు, తర్వాత చూడాలి.

అది నేను రాసింది కాదు.

రాసినవాడికి జగ్దల్‌పూర్ బజారులో కంప్యూటర్ల కొట్టు ఉంది. మాది కుంటలో వాళ్ల కిరాణా దుకాణం పక్క ఇల్లు. నలభై ఏళ్లు వచ్చినా నన్ను బాబాయ్ అనే పిలుస్తాడు. ఈ పట్నంలో నేను తెలుగులో తిట్టి తెలుగులో తిట్టించుకునే మనిషి అతనొక్కడే. ల్యాప్‌టాప్ అతని దగ్గర తీసుకున్నదే, లైనక్స్ అతను ఎక్కించిందే. రెండు నెలల క్రితం, సంచిలో పెట్టి తిరుగుతుంటే ఇది వేడెక్కుతోంది, సాయంత్రానికి చార్జింగ్ మిగలడం లేదు అని తీసుకెళ్లాను. "టెన్షన్ వద్దు బాబాయ్, రేపు రా" అన్నాడు. మర్నాటి నుంచి వేడి లేదు. మెచ్చుకున్నాను కూడా.

అతని కొట్టుకు వెళ్లి, సెట్టింగుల ఫైలు తెరిచి, తెర అతని వైపు తిప్పాను. అప్పుడు అతను ఒక ప్రింటర్ పొట్ట విప్పి కూర్చుని ఉన్నాడు.

"ఈ లైను ఎవరిదిరా?"

చదివాడు. నవ్వబోయి ఆగాడు. "నాదే బాబాయ్. గుర్తుకు రాసుకున్న."

"అంటే నీకు తెలుసు."

"తెలుసంటే ఏంది. ఇరవై తాపలు పడుకోబెట్టి లేపిన. ఒక్క తాప లేవలే. ఆ ఒక్కదానికి ఏం చెప్తం?"

"ఆ ఒక్కటే చెప్పాల్సింది."

"చెప్తే ఏమంటవ్? పాతదే పెట్టు అంటవ్. పెడితే మళ్లా వారానికి వచ్చి, సంచిలో కాలుతోందిరా, నడుం మీద వాత పడ్డదిరా అంటవ్. రెండు దిక్కులా నువ్వే అంటివి." స్క్రూలను ఒక మూతలో పోసి పక్కన పెట్టాడు. "లేవకపోతే ఏం పోతది, మళ్లా ఆన్ చేసుకుంటవ్ అనుకున్న. అందరు సేవ్ చేసుకుంటరు. సేవ్ చేయకుండా మూత ఏసేటోడు దునియాల నువ్వొక్కడివే."

"ఎందుకు చేయనో నీకు తెలుసు. నకలు ఆపింది నువ్వే."

"నువ్వు ఆపమంటే ఆపిన."

"రెండూ నీ చేత్తోనే చేశావు. దాచకుండా చేసింది నువ్వే, లేవని నిద్ర పెట్టింది నువ్వే. రెండూ కలిస్తే ఏమవుతుందో ఒక్క నిమిషం ఆలోచించలేదా?"

ఒక కస్టమర్ వచ్చి ఏదో వైరు అడిగితే లేదని పంపించాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు. "మీ పేపర్ల తప్పు వార్త పడితే ఏం చేస్తరు బాబాయ్? లోపలి పేజీల మూలకు నాలుగు లైన్ల సవరణ ఏస్తరు. మొదటి పేజీల ఏస్తరా? నేనూ గట్లనే రాసుకున్న, మూలకు."

అది తగిలింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అలాంటి సవరణలు నేనూ రాశాను, ఎవరి కంటా పడకూడదని కోరుకుంటూనే రాశాను.

పోయింది తిరిగి రాదా అని అడిగాను. కరెంటు తీసేశాక జ్ఞాపకంలో ఏమీ మిగలదన్నాడు. యంత్రం ఇక్కడ వదిలి వెళ్లు, కోడినిద్ర పెట్టి ఇస్తానన్నాడు. వదల్లేదు. ఆ మార్పు నేనే ఇంటికొచ్చి చేసుకున్నాను. ఆ బజారుకు వెళ్లినా ఆ తర్వాత ఆ కొట్టు ఎదుటి దారి కాకుండా వెనక దారిన వెళుతున్నాను.

మళ్లీ పల్లెకు వెళ్లేముందు, గుర్తున్నదంతా కాగితం మీద రాసి చూసుకున్నాను. ఉత్తరం వచ్చింది. పడమర వచ్చింది. దక్షిణం వచ్చింది, వాగు జరిగిన కథతో సహా. తూర్పున నల్లబండ గుర్తుంది. నరికేసిన ఇప్పచెట్టు మొద్దు గుర్తుంది. మూడోది లేదు. ఆయన చెబుతున్నప్పుడు ఆయన చెయ్యి ఎటు ఎత్తాడో కనిపిస్తోంది, ఎత్తిన చేతి వేళ్లు కనిపిస్తున్నాయి, మాట మాత్రం వినిపించడం లేదు. ఒకప్పుడు నోట్‌బుక్ లేకుండా సభకు వెళ్లి వచ్చి పేజీ వార్త రాసినవాణ్ని. చేతులు టైపు చేస్తున్నాయి కదా అని చెవి తన పని మానేసినట్టుంది.

ఈసారి అబద్ధం చెప్పలేదు. అదే పందిరి కింద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. యంత్రం లేవలేదని, నేనే దాన్ని ఆర్పేశానని, రాసింది పోయిందని. మూడు దిక్కులు నా దగ్గర ఉన్నాయని, తూర్పున ఒక గుర్తు కావాలని.

పెద్దాయన చాలాసేపు చుట్ట చుట్టుకున్నాడు. వెలిగించలేదు.

"ఆ దినం వచ్చినయి అంటివి గదా" అన్నాడు.

"అన్నాను."

"నాలుగు దిక్కులూ వచ్చినయా అని అడిగిన. వచ్చినయి పెద్దయ్యా అంటివి."

"భయమేసింది పెద్దయ్యా. అందరి ముందూ చెప్పలేకపోయాను."

"ఆఫీసరు నా మాట నమ్మలే. నువ్వు నమ్మినవ్, పారేసినవ్." నా వైపు చూడలేదు. "ఏది నయం?"

మూడో గుర్తు ఒక్కటి చెప్పమని బతిమాలాను. మిగతాదేమీ అక్కర్లేదన్నాను. ఆయన లేచి చేను వైపు నడిచి వెళ్లిపోయాడు.

కూతురు కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. "చెప్పడు అన్నా. ఇగ అడగకు. అడిగినకొద్దీ బిగుసుకుంటడు."

"నువ్వు విన్నావు కదమ్మా ఆ రోజు."

"నేను ఏడ విన్న. మీ అందరికి అంబలి కాస్తున్న. నల్లబండ దాక విన్న, పొయ్యి కాడ పొగొస్తే లేచి పోయిన." కుండ మీద మూత పెట్టింది. "రాసుకుంటున్నవ్ గదా అనుకున్న. నువ్వు రాస్తుంటే ఇంకొకరు చెవి పెట్టుడు ఎందుకు అనుకున్నం అందరం."

ఆ రోజు మొదట్నుంచీ ఉన్న పెద్దలిద్దరిని అడిగాను. ఒకాయన అది నీళ్ల చెలమ అన్నాడు. ఇంకొకాయన కాదు, రెండు చెట్లు కలిసి పెరిగిన చోటు అన్నాడు. రెంటికీ మధ్య, అడుగు వేసి చూస్తే, నాలుగైదు చాళ్లంత దూరం ఉంది. పక్క చేను కుటుంబం ఈ ఏడు గోదావరి అవతలి నుంచి పూర్తిగా తిరిగొచ్చింది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఇన్నేళ్ల అడవి కింద ఏది ఎవరిదో వాళ్లకీ తెలియదు.

"నువ్వే యాది చేసుకో అన్నా" అంది ఆమె, నేను బయల్దేరుతుంటే. "చదువుకున్నోనివి."

దరఖాస్తు గ్రామసభలోనే ఉంది, ఇంకా పైకి పోలేదు. ఉత్తరం, పడమర, దక్షిణం గళ్లు నా దస్తూరీలో నిండాయి. తూర్పు గడిలో నల్లబండ అని, ఇప్ప మొద్దు అని రాసి, కింద చోటు వదిలాను. ఈ వానలకు పక్క కుటుంబం ఆ జంట చెట్లు దాటి చెలమ దాకా దున్ని కొర్ర చల్లింది. ఆ నాలుగు చాళ్లు ఎవరివో పెద్దాయనకు తెలుసు. ఎవరు అడిగినా, ఒకసారి చెప్పిన అంటున్నాడు.